క్యాలెండర్లు వెనక్కి తెచ్చివ్వండి, చెక్కు కేసు మాత్రం వేయడం లేదు

మా షాపుకు వచ్చే అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు, సండే స్కూలు టీచర్లకు ప్రభువు నామమున వందనాలు.

ఈ సీజన్‌లో మా గుంటూరు షాపులో 2026 గోడ క్యాలెండర్లు తీసుకున్నవాళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను. తేదీలూ వారాలూ సరిగ్గానే ఉన్నాయి. పండుగలు మాత్రం 2025వి పడ్డాయి. భస్మ బుధవారం అని మార్చి 5న వేశారు, ఆ రోజు గురువారం. ఈస్టర్ ఏప్రిల్ 20న వేశారు, అది సోమవారం. ఏప్రిల్ పేజీలో 18వ తేదీ శనివారం గడిలో ఎర్రటి సిలువ బొమ్మ, దాని కింద గుడ్ ఫ్రైడే అని అక్షరాలు. తెనాలి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "ఏం నాయనా, ఈ ఏడాది యేసయ్య శనివారం చనిపోతున్నాడా?" అన్నారు. ఆవిడ నవ్వుతూనే అడిగారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ముందు సరైన తేదీలు రాసుకోండి. భస్మ బుధవారం ఫిబ్రవరి 18, మట్టల ఆదివారం మార్చి 29, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, ఈస్టర్ ఏప్రిల్ 5. లెంటు (ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాలు) పాటించే సంఘాలవాళ్ళు ఉపవాస కూడికల కరపత్రాలు ఇప్పుడే వేయిస్తుంటారు, మా క్యాలెండర్ చూసి వేయించొద్దు.

నేను సంతకం పెట్టి పంపిన ప్రూఫ్ నా దగ్గరే ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. అందులో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3నే ఉంది. ప్రెస్‌లో ప్లేటుకు ఎక్కించింది మాత్రం నిరుటి పండుగల ఫైలు. పైగా 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ అని ఒప్పుకుని అంతకంటే పల్చటిది వేశారు. ఫ్యాన్ వేస్తే గోడకు పటపటా కొట్టుకుంటోంది. సరుకు కూడా క్రిస్మస్ దాటాక వచ్చింది. 31 రాత్రి ఆరాధనకు అందాలని కట్టలు విప్పీ విప్పకుండానే మీకు పంపాల్సి వచ్చింది.

అడిగితే ఆ ప్రెస్ ఆయన ఏమన్నాడో తెలుసా? "తెల్ల స్టిక్కర్ మీద కరెక్ట్ డేట్ కొట్టించి అంటించేద్దాం బ్రదర్, ఎవరు చూస్తారు?" మందిరం గోడకు ఏడాదంతా వేలాడేది, అడుగున సంఘం పేరు, అయ్యగారి ఫొటో ఉన్నది, దానికి స్టిక్కర్లా! మా ఇద్దరికీ మాట తేడా వచ్చింది అక్కడే.

ఆయన పేరు మాత్రం అడగొద్దు. మా సంఘస్థుడే. ఆదివారం నాకు రెండు వరసల ముందు కూర్చుంటాడు. లక్షా ఇరవై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. గట్టిగా నిలదీస్తే వెనక్కిస్తానని చెక్కు రాసిచ్చాడు. ఖాతాలో డబ్బు లేదని బ్యాంకు దాన్ని తిప్పి పంపింది.

మన షాపుకే వచ్చే అడ్వకేటు గారు ఒకరు చట్టం విడమరిచి చెప్పారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో అవతలివాడు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. రుజువైతే రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. "గడువు దాటితే చిక్కే, తొందరగా తేల్చుకోండి" అన్నారాయన. ఆ టెన్షన్‌లోనే నా జనవరి నడిచింది.

విశ్వాసి మీద విశ్వాసి కోర్టుకెక్కడం గురించి 1 కొరింథీయులు 6వ అధ్యాయంలో పౌలు ఏం రాశాడో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. మీ తగువు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడు కూడా మీలో లేడా అని 5వ వచనంలో సిగ్గుపడేలా అడుగుతాడు. 7లో ఇంకా ముందుకెళ్ళి, దానికంటే మీరే అన్యాయం సహించవచ్చు కదా, మీరే నష్టపోవచ్చు కదా అంటాడు. కౌంటర్ మీద కూర్చుని చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే పౌలు మీద కూడా మండింది.

కేసు వేయమన్నవాళ్ళ దగ్గరా వాక్యం లేకపోలేదు. రోమా 13లో అధికారి చేతిలో ఖడ్గం ఊరికే లేదని ఉంది. పౌలు అంతటివాడే రోమా గవర్నరు ఫేస్తు ఎదుట, చక్రవర్తి కైసరుకే చెప్పుకుంటానన్నాడు, అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయం. నేను దాన్ని పట్టుకుని కొన్నాళ్ళు ధైర్యం చెప్పుకున్నాను. కానీ అక్కడ పౌలు తన మీద పడ్డ నేరారోపణ నుంచి తప్పించుకోవడానికి వెళ్ళాడు. సాటి విశ్వాసి నుంచి బాకీ రాబట్టుకోవడానికి కాదు. ఎటు తిప్పినా నా కేసు అందులో ఇమడలేదు.

నన్ను అసలు పట్టుకుని ఆపింది వేరే ప్రశ్న. ఆ లక్షా ఇరవై వేలు ఎవరివి? అందులో ఎక్కువ భాగం మీ సంఘాలు అక్టోబరులో కట్టిన అడ్వాన్సులు. రేపల్లె, బాపట్ల వైపు పల్లెల్లో పది, ఇరవై రూపాయలు కానుకపెట్టెలో పడితే పోగైన డబ్బు. ఆ డబ్బు పోయినా ఫర్వాలేదు, సహోదరుణ్ణి క్షమించేశాను అని నేను స్టేజీ ఎక్కి సాక్ష్యం చెబితే? అది మీ జేబులోంచి నేను చేసిన క్షమాపణ. 7వ వచనం మీరే నష్టపోండి అంది. వెంటనే 8లో, మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ సహోదరులకే, అని ఉంది. మీకు డబ్బు తిరిగి ఇవ్వకుండా ఆయన్ని వదిలేస్తే 7 దగ్గర ఆగాననుకుంటూ నేను 8లో పడతాను.

కాబట్టి ముందు మీ బాకీ తీర్చాలి. నష్టం పూర్తిగా నా ఒక్కడిదయ్యాకే వదులుకునే హక్కు నాకుంటుంది.

అందుకు బంగారం మీద లోను తీసుకున్నాను. బంగారం నాది కాదు, మా ఆవిడది. విషయం చెప్పగానే, "క్షమించేది మీరు, తాకట్టుకు వెళ్ళేది నా గాజులా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. ఆమె ఆలోచించుకుని మర్నాడు తనే తీసి బల్ల మీద పెట్టింది, కానీ ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకోవాలి?

మత్తయి 18లో చెప్పిన వరసే పాటించాను. మొదట ఒక్కడినే వెళ్ళాను, లాభం లేదు. తర్వాత ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్ళాను. వాళ్ళ ఎదుట ఆయన బాకీ ఒప్పుకుని, ఫిబ్రవరి నుంచి నెలనెలా కడతానని కాగితం మీద సంతకం పెట్టాడు. కడితే సంతోషం. ఎగ్గొడితే మూడో మెట్టు సంఘానికి తెలియజెప్పడం, అది చేస్తాను. కోర్టుకు మాత్రం వెళ్ళను. ఏదో మెత్తటివాణ్ణి అనుకోకండి. ఆయన ప్రెస్‌కు నా నుంచి ఇంకొక్క కాగితం ముక్క కూడా వెళ్ళదు. క్షమించినవాడికి మళ్ళీ ఆర్డరివ్వాలని నేను చదివిన బైబిల్లో లేదు.

ఇంకో మాట. ఆడపిల్లను వేధించినవాణ్ణో, విధవరాలి చీటీ డబ్బు మింగినవాణ్ణో "మనలో మనం సర్దుకుందాం" అని కాపాడటానికి ఇదే 6వ అధ్యాయాన్ని అడ్డం పెట్టేవాళ్ళున్నారు. నా నిర్ణయాన్ని వాళ్ళు ఉదాహరణగా చెప్పుకుంటే ఒప్పుకోను. అక్కడ నష్టపోయింది వేరేవాళ్ళు, పోలీసు స్టేషన్‌కు వెళ్ళాల్సిందే.

"తప్పని తెలిసే అంటగట్టాడు, విశ్వాసుల వ్యాపారమంటే ఇంతే" అని నా గురించి ఎవరో అన్నారట. అన్నవాళ్ళు బహుశా ఇది చదువుతూ ఉంటారు. వాళ్ళ సంఘానికి కూడా డబ్బు పంపేశాను. రసీదు చూసుకోండి.

ఇకపై ప్రెస్‌తో గానీ, టోకున ఆర్డరిచ్చే సంఘాలతో గానీ రాతకోతలు లేకుండా పని ఉండదు. "బ్రదర్, మన మధ్య కాగితాలేంటి?" అని కొందరు నొచ్చుకుంటారని తెలుసు. యిర్మీయా గ్రంథం అనగానే మనందరికీ, దేవుడు మేలే తలపెట్టాడనే 29:11 వాగ్దాన కార్డే గుర్తొస్తుంది. మా షాపులో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేది అదే (దాని పై వచనంలోనే, అది జరిగేది బబులోనులో 70 ఏళ్ళు గడిచాకే అని ఉన్న సంగతి కార్డు మీద వేయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు). నాకు పనికొచ్చింది 32వ అధ్యాయం. యిర్మీయా ప్రవక్త పొలం కొన్నది సొంత చిన్నాన్న కొడుకు హనమేలు దగ్గర. అయినా 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు, క్రయపత్రం రాసి ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన ప్రతినీ, వేయని ప్రతినీ మట్టికుండలో భద్రం చేయించాడు. ఊరి చుట్టూ బబులోను సైన్యం ఉన్నా ఆ పని మానలేదు. దేవుడు చెప్పి కొనిపించిన పొలానికే అన్ని కాగితాలుంటే మన క్యాలెండర్లకు ఉంటే తప్పేంటి?

క్యాలెండర్లు వేరే ప్రెస్‌లో మళ్ళీ వేయిస్తున్నాం, ఈసారి ఒప్పుకున్న పేపర్ మీదే. పేపర్ రేటు పెరిగింది, అది నేను చూసుకుంటాను. అక్టోబరులో చెప్పిన ధరే ఖాయం. ప్రమాణం చేశాక నష్టం వచ్చినా మాట తప్పనివాడి గురించి 15వ కీర్తనలో చదువుకున్నాం కదా, చదివినప్పుడు సులువుగానే ఉంటుంది. భస్మ బుధవారం లోపు మీ చేతికి అందుతాయి. అడ్వాన్సు వెనక్కి తీసుకున్నవాళ్ళకు కూడా కావాలంటే ఇస్తాం, డబ్బు సరుకు అందాకే. అడుగున సంఘం పేరు, అయ్యగారి ఫొటో మార్చుకోవాలనుకుంటే ఈ వారంలోనే చెప్పండి. వాగ్దాన కార్డులు వేరే చోట వేయించినవి, వాటికి ఏ ఇబ్బందీ లేదు.

పాతవి షాపులో ఇచ్చి కొత్తవి తీసుకెళ్ళండి. దూరం నుంచి రాలేనివాళ్ళు పాతవి పంపనక్కర్లేదు, ఏప్రిల్ పేజీ ఫొటో తీసి వాట్సాప్ చేస్తే చాలు, కొత్తవి పార్సిల్ వేస్తాం, ఛార్జీ మాదే. ఆదివారం షాపు ఎప్పటిలాగే మూత. "మళ్ళీ ఎవరు తిరుగుతారు, స్టిక్కరే ఇవ్వండి, మేమే అంటించుకుంటాం" అని ఇద్దరు ముగ్గురు అయ్యగార్లు అన్నారు. క్షమించాలి అయ్యగారూ, స్టిక్కర్ ఇవ్వను.