సముద్రపు నీటితో పాటు ఆలిచిప్పలనూ పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

సముద్ర కాలుష్యం విశాఖపట్నం వాళ్ల సమస్య, కొండ కింద ఉన్న మనకెందుకని తిరుపతిలో చాలామంది అనుకుంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతాలతో పాటు సముద్రతీరమూ, పులికాట్ సరస్సూ మన జిల్లాలోకి వచ్చాయి. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సాగే స్వర్ణముఖి వానలు పడినప్పుడల్లా మన మురుగును బంగాళాఖాతానికి మోసుకుపోతూనే ఉంది. అందుచేత ఈ విషయం మనది కూడా.

సీసం, కాడ్మియం, రాగి వంటి లోహాలు సముద్రపు నీటిలో లీటరుకు మైక్రోగ్రాముల్లోనో, అంతకన్నా తక్కువగానో ఉంటాయి. ఆటుపోట్లతో ఆ మోతాదు పూటపూటకూ మారుతుంది. ఉదయం తీసిన సీసాడు నీళ్లు ఆ ఉదయం సంగతే చెబుతాయి, నిన్న రాత్రి వదిలిన వ్యర్థాల సంగతి చెప్పవు. రాయిని అంటిపెట్టుకుని కదలకుండా బతికే ఆలిచిప్ప (మసెల్ అనే గుల్ల జీవి) అలా కాదు. అది రోజుకు పదుల లీటర్ల నీటిని వడకట్టి తిండి సంపాదించుకుంటుంది కనుక వారాలు, నెలల తరబడి ఆ నీటిలో ఉన్న లోహం దాని కండలో పేరుకుపోతుంది. పైగా నీటిలో మొత్తం ఎంత లోహం ఉందన్నదాని కన్నా ప్రాణుల ఒంట్లోకి ఎంత చేరుతోందన్నదే మనకు ముఖ్యం, ఆ లెక్క చెప్పగలిగేది ప్రాణే. జపాన్‌లోని మినమాటాలో కర్మాగారం వదిలిన పాదరసం చేపలు, గుల్లల ద్వారానే మనుషులకు చేరింది. ఆ జబ్బు అధికారికంగా బయటపడిన 1956 నాటికే ఎన్నో కుటుంబాలు దాని బారిన పడ్డాయి.

ఆలిచిప్పలతో కాలుష్యాన్ని కొలవడం కొత్త ఆలోచనేమీ కాదు. ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1975లోనే దీన్ని ప్రతిపాదించారు. అమెరికా 1986 నుంచి తన తీరాల్లో ఆలిచిప్పలను సేకరించి పరీక్షిస్తూ వచ్చింది.

అయితే ఒక్క ఆలిచిప్పనే నమ్ముకోకూడదు. తన ఒంట్లోని జింకును అది కొంతవరకు అదుపులో పెట్టుకుంటుంది కాబట్టి జింకు కాలుష్యాన్ని తక్కువ చేసి చూపే ప్రమాదం ఉంది. రాళ్లకూ పడవల అడుగుకూ గట్టి పెంకుతో అంటుకుని ఉండే బార్నకిల్ మాత్రం జింకును బయటికి పంపకుండా ఒంట్లోనే రేణువులుగా దాచుకుంటుంది. రెండింటినీ కలిపి చూస్తేనే లెక్క సరిపోతుంది. ప్రతిసారీ ఒకే పరిమాణంలో ఉన్నవాటిని, ఒకే ఋతువులో సేకరించడమూ అవసరమే, ఎందుకంటే గుడ్లు విడిచే కాలంలో వాటి బరువే మారిపోతుంది. జంతుశాస్త్రం బోధించిన రోజుల్లో విద్యార్థులను విశాఖ తీరంలోని రాళ్ల మీదికి తీసుకెళ్లినప్పుడల్లా నేను మొదట చెప్పిన జాగ్రత్త ఇదే.

మన తీరంలో విశాఖలో ఉన్నట్లు రాళ్లు లేవు, ఉన్నది ఇసుకే. అది అడ్డంకి కాదు. శుభ్రమైన చోటు నుంచి తెచ్చిన ఆలిచిప్పలను వల బుట్టల్లో పెట్టి కొన్ని వారాలు నీటిలో వేలాడదీసి, తర్వాత పరీక్షించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ తిరుపతి మన జిల్లాలోనే ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి వాటిని కలుపుకుని స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటా, పులికాట్‌లోనూ ఈ పని మొదలుపెట్టాలని, ఫలితాలను ఏటా ఊరి పేరుతో సహా తెలుగులో ప్రకటించాలని కోరుతున్నాను. అక్కడి చేపలు, పీతలు పట్టి అమ్ముకునే కుటుంబాలకు ఆ అంకెలు అందరికన్నా ముందు తెలియాలి.

— విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి