కొలవకుండా వదిలేసిన నాలుగు సీసీలు

మా వర్క్‌షాపులో కారుకు టర్బో (ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టే పరికరం) పెట్టించుకున్నవారికీ, పెట్టించుకోవడానికి పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవారికీ ఈ సంగతి ఇతరుల నోట తెలియడం కంటే నేనే చెప్పడం న్యాయమని ఇది రాస్తున్నాను. రెండో విడతగా తెప్పించిన పిస్టన్లతో మేము కట్టిన నాలుగు ఇంజిన్లలో ఒకటి పాడైంది. మిగిలిన మూడూ ప్రస్తుతానికి బాగానే నడుస్తున్నాయి గానీ వాటిలోనూ అదే లోపం ఉంది. నాలుగింటినీ మా ఖర్చుతోనే సరిచేస్తాము.

మేము ఎక్కువగా చేసే 1,600 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, కంపెనీ నుంచి 10.5 కంప్రెషన్ నిష్పత్తితో వస్తుంది, అంటే పిస్టన్ పైకి చేరేసరికి లోపలి మిశ్రమం పదిన్నర వంతుల్లో ఒక వంతు చోటుకు నొక్కబడుతుంది. టర్బో లేనప్పుడు అది వాతావరణ పీడనం నెట్టినంత గాలినే పీల్చుకుంటుంది కనుక ఆ నిష్పత్తి దానికి తగినదే. టర్బో ద్వారా 0.6 బార్ పీడనం (వాతావరణ పీడనం సుమారు 1 బార్) అదనంగా ఎక్కించి, అప్పటికే వేడెక్కిన గాలిని మళ్లీ అంత గట్టిగా నొక్కితే, స్పార్కు పుట్టించిన మంట చేరకముందే అంచుల్లో మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. మనం నాకింగ్ అనేది దీనినే. అందుకే తల మీద లోతైన గుంట ఉన్న ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా అదిమి చేసిన) పిస్టన్లు వేసి నిష్పత్తిని 9కి దించుతాము. ఒక్కో సిలిండరు 400 సీసీ కనుక, 9 రావాలంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరాక 50 సీసీ ఖాళీ మిగలాలి. ఒక పొడవాటి ఎత్తు ఎక్కుతుండగా నీలం పొగ వదిలి ఆగిపోయిన ఆ కారు ఇంజిన్ విప్పితే, మూడో పిస్టన్‌లో రెండు రింగుల మధ్య గట్టు విరిగి కనిపించింది. బ్యూరెట్ (ద్రవం కొలిచే గీతల గాజు గొట్టం) పెట్టి కొలిస్తే ఖాళీ 46 సీసీలే వచ్చింది. పిస్టన్ల గుంటలు సరఫరాదారు కాగితం మీద రాసినదానికంటే 4 సీసీ తక్కువగా ఉన్నాయి. 9 అనుకుని మేము ట్యూన్ చేసిన ఇంజిన్ నిజానికి 9.7 మీద నడిచింది.

మొదటి విడత వచ్చినప్పుడు ప్రతి పిస్టన్ గుంటనూ నేనే కొలిచాను, అన్నీ సరిపోయాయి. రెండో విడత కూడా అదే పెట్టెలో, అదే పార్టు నంబరుతో వచ్చింది. వ్యాసం కొలిచాను, బరువు తూచాను, గుంట మాత్రం కొలవలేదు. తూచినప్పుడు కూడా ఒక సెట్టులోని నాలుగూ ఒకదానితో ఒకటి సరితూగాయా అనే చూశాను. పాత పుస్తకం తీసి మొదటి విడత బరువుతో పోల్చి ఉంటే ఒక్కో పిస్టన్ సుమారు 11 గ్రాములు ఎక్కువ తూగడం అప్పుడే కంటపడేది, ఎందుకంటే 4 సీసీ అల్యూమినియం బరువు దాదాపు అంతే.

సరఫరాదారు మొదట ఇచ్చిన జవాబు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తప్పు మీ ట్యూనింగులో ఉందన్నారు. కొలతల ఫొటోలు పంపాక, డిజైను కొద్దిగా మార్చామని, ఆ మార్పు చిన్నది కనుక నంబరు మార్చలేదని చెప్పారు. మార్చే హక్కు వారికి ఉంది, కాదనను. కానీ నిష్పత్తిని మార్చే మార్పును చిన్నదని ఎలా అంటారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. కొత్త పిస్టన్లు ఇస్తామన్నారు, మా శ్రమ సంగతి ఎత్తలేదు. ఆ పిస్టన్లు తీసుకోను, ఇకపై వారి దగ్గర ఏమీ కొనను.

అయితే వారిని తిట్టడంతో నా లెక్క తేలదు. ఆ నాలుగు ఇంజిన్లనూ ట్యూన్ చేసిన రోజునే, పూర్తి బూస్ట్ (టర్బో ఎక్కించే అదనపు పీడనం) వద్ద నాకింగ్ ఆగాలంటే ఇగ్నిషన్ టైమింగును, అంటే స్పార్కు పుట్టే క్షణాన్ని, మొదటి విడత ఇంజిన్ల కంటే 3 డిగ్రీలు వెనక్కి జరపవలసి వచ్చింది. ఇంజిన్ నాకు ఉన్న మాట చెప్పింది. నేను ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెట్రోలు నాసిరకమని సరిపెట్టుకుని, టైమింగు తగ్గించి, తాళం చేతికిచ్చి పంపించాను.

ఇప్పుడు ఏం చేయాలన్నదే నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న. కంపెనీ టర్బో కార్లు 10 నిష్పత్తితో కూడా నడుస్తున్నాయి కదా, అలాగే వదిలేయండని ఒక యజమాని మంచి మనసుతో అన్నారు. ఆ కార్లలో చాలావాటికి ఇంధనం నేరుగా సిలిండరులోకే చిమ్మబడి, అక్కడే ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. మన ఇంజిన్లో అది వాల్వుకు ముందే చిమ్మబడుతుంది. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు 10.25 నిష్పత్తి మీదే టర్బోతో వచ్చింది గానీ, నాకింగ్ ఆపడానికి నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని వేరే ట్యాంకులో నింపుకుంటూ ఉండవలసి వచ్చేది. చాలామంది నింపలేదు, చివరికి కంపెనీయే టర్బోలు తీసి మామూలు కార్బ్యురేటర్లు బిగించి ఇచ్చింది.

రెండో దారి మందమైన హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్లకూ వాటి పైమూత అయిన హెడ్డుకూ మధ్య వేసే పలక. నిజం చెప్పాలంటే ఇది నన్ను బాగా ఊరించింది. మన ఇంజిన్ బోర్ (సిలిండరు వ్యాసం) 79 మిల్లీమీటర్లు కనుక, గాస్కెట్ మందం 0.8 మిల్లీమీటర్లు పెంచితే పోయిన 4 సీసీ దాదాపుగా తిరిగి వస్తుంది. పిస్టన్లు తీయనక్కరలేదు, కారుకు రెండు రోజుల పని. సరఫరాదారు సూచించినదీ ఇదే. గాస్కెట్లు తెప్పించి బల్ల మీద పెట్టుకుని కూడా వారం రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్డుకూ మధ్య మిగిలే సందు సుమారు 1 మిల్లీమీటరు. ఆ ఇరుకు వల్లే అంచుల్లోని మిశ్రమం బలంగా మధ్యకు నెట్టబడి, సుడులు తిరిగి, త్వరగా కాలుతుంది. సందు 1.8 అయితే ఆ నెట్టుడు తగ్గిపోయి, మిశ్రమం అంచుల్లోనే, అంటే నాకింగ్ మొదలయ్యే చోటనే, నిలిచిపోతుంది. కాగితం మీద 9 కనిపిస్తుంది, ఇంజిన్ ఆ 9కి తగ్గట్టు ప్రవర్తించదు. మంచి మెకానిక్కులే కొందరు తక్కువ బూస్ట్‌తో ఇలా చేస్తారు, ఆ కార్లు ఏళ్ల తరబడి నడుస్తాయి కూడా. నేను మాత్రం చేయను. మీరు ఒప్పుకున్నది 0.6 బార్‌కు, నేను మాట ఇచ్చినదీ దానికే.

కనుక నాలుగు ఇంజిన్లనూ దింపి, మరొకరి దగ్గర తయారవుతున్న పిస్టన్లు వేస్తాము. దీనివల్ల వరుసలో ఉన్నవారి పని దాదాపు ఐదు వారాలు వెనక్కి పోతుంది. ఆగలేనివారు అడ్వాన్సు పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు, నేనేమీ అనుకోను. ఇకపై ప్రతి సిలిండరు ఖాళీనీ నేనే కొలిచి, సంతకం చేసిన కాగితం కారుతో పాటు ఇస్తాను.

నడుస్తున్న మూడు కార్లనూ పిలిపించి, టర్బో పీడనాన్ని పెంచే బూస్ట్ కంట్రోలర్ పైపు తీసేశాము. ఇప్పుడు వేస్ట్‌గేట్ (పీడనం పెరిగితే పొగను టర్బో పక్కనుంచి మళ్లించే తలుపు) స్ప్రింగు ఒక్కటే పనిచేస్తుంది కనుక పీడనం 0.35 బార్ దాటదు. 9.7 నిష్పత్తికి అది ఇబ్బంది కాదు. అయినా మీ వంతు వచ్చేవరకు పొడవాటి ఎత్తుల మీద గట్టిగా తొక్కకండి. నీలం పొగ కనిపించినా, ఆయిల్ కొలిచే పుల్ల తనంతట తాను పైకి లేచినా ఇంజిన్ ఆపి వెంటనే ఫోన్ చేయండి. ఆ పైపు తిరిగి బిగించుకుని బూస్ట్ పెంచారని తెలిస్తే కోప్పడతాను, ఇంజిన్ మాత్రం అప్పటికీ ఉచితంగానే బాగుచేస్తాను.