చేయి కట్టులో ఉన్న ఆరు వారాలు నా పని చేసిపెట్టిన వారికి

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులకు, మా వీధివారికి, జమ్మలమడుగులో నన్ను నమ్మి కుట్టడానికి బట్టలిచ్చే అక్కచెల్లెళ్లందరికీ నా వందనాలు.

క్రిస్మస్ తరువాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమని అయ్యగారు పిలిచినప్పుడు, లేచి నిలబడి రెండు మాటలు చెప్పి, కన్నీళ్లు ఆపుకోలేక కూర్చుండిపోయాను. నలుగురిలో మాట్లాడడం నాకు ఎన్నడూ చేతకాలేదు. అందుచేత, వేళ్లు కొంత వంగి కలం పట్టుకోగలుగుతున్న ఈ రోజుల్లో, ఆనాడు చెప్పలేకపోయినదాన్ని రాసి తెలియజేస్తున్నాను. పేర్లు రాయవద్దని మీలో చాలామంది గట్టిగా చెప్పారు కనుక పనులు మాత్రమే రాస్తున్నాను.

డిసెంబరు మొదటి వారంలో ఒక తెల్లవారుజామున వాకిట నీళ్లు చల్లి వెనక్కి తిరుగుతూ, తడిసిన కడప బండ మీద కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు ఎముక విరిగింది. పిండికట్టు వేసి, ఆరు వారాలు చేయి కదపకూడదన్నారు. అప్పటికి నా కొట్లో పండుగకు ఇస్తానని ఒప్పుకున్న బట్టలు 47 ఉన్నాయి. జాకెట్లు, చిన్నపిల్లల గౌన్లు, అవిగాక ఒక పెండ్లివారి పట్టు జాకెట్లు. వాటిలో 30కి పైగా ఇంకా కత్తెర కూడా పడనివి. ఆ రాత్రి, తెల్లవారేసరికి నా చేయి బాగుచేయమని దేవుణ్ణి అడిగాను. తెల్లవారింది, నొప్పి ముందురోజు కంటే ఎక్కువైంది.

ఆ ఉదయమే సంఘంలోని ఒక అక్క రాగి సంగటి, చెనక్కాయల చట్నీ తెచ్చి, నాకు తినిపించి, మూటలు విప్పి చూసి కొలతల పుస్తకం ఎక్కడుందని అడిగారు. మధ్యాహ్నానికి మరో ఇద్దరు వచ్చారు. కుట్టడానికి ముగ్గురు దొరికారు గానీ, కత్తిరించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. వారిని తప్పుపట్టలేను, కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టవచ్చు గానీ పట్టుగుడ్డ మీద కత్తెర తప్పితే దానికి మందు లేదు.

అప్పుడు వచ్చారు బజారు వీధి టైలరు మాస్టరు గారు. ఉన్నమాట చెప్పాలంటే, ఆయన కొట్టుకూ నా కొట్టుకూ ఏళ్ల తరబడి పోటీ. రాత్రి ఇషా నమాజు ముగించుకుని, తన కత్తెర తానే పట్టుకుని నాలుగు రాత్రులు వచ్చారు. నేను పుస్తకం చూసి కొలతలు చదువుతుంటే ఆయన సుద్దతో గీతలు గీసి, ఒక్కసారి కూడా ఆగకుండా కత్తిరించుకుంటూ పోయేవారు. ఒక జాకెట్టు దగ్గర మాత్రం ఆగి, "ఇది నిరుటి కొలత కదమ్మా, చంక దగ్గర అర అంగుళం వదులుతాను" అన్నారు. పండుగనాడు ఆ అక్క వేసుకుని చూపించినప్పుడు ఆయన అంచనా ఎంత సరైనదో తెలిసింది. కూలి ఇవ్వబోతే, "రంజాన్ వస్తుంది కదా, అప్పుడు నా కొట్లో కూర్చుందువులే" అని వెళ్లిపోయారు.

గుండీలు, హుక్కులు పదో తరగతి చదివే ఒక పాప కుట్టింది. మొదటి జాకెట్టుకు హుక్కులన్నీ తలకిందులుగా కుట్టి, ఎవరూ చెప్పకముందే తానే విప్పుకుంది. కుట్టిన బట్టలను ఆటో నడిపే తమ్ముడు మైలవరం దాకా తిప్పి, వచ్చిన డబ్బు పైసాతో సహా లెక్క రాసి తెచ్చి ఇచ్చాడు. డిసెంబరు 24 సాయంత్రానికి కొట్లో ఒక్క మూట కూడా మిగలలేదు.

మా ఇంట్లో మిషను అన్న మాటకు ఎప్పుడూ రెండు అర్థాలుండేవి: ఒకటి ఈ ఊరిలో క్యాంబెల్ ఆసుపత్రిని నడిపిన లండన్ మిషను, రెండవది కుట్టు మిషను. మొదటిది దేవుని పని అనీ, రెండవది పొట్టకూటి పని అనీ అనుకుంటూ పెరిగాను. దేవుడిచ్చే తలాంతులంటే పాట, వాద్యం, వాక్యం చెప్పే నేర్పు, ఇవే అనుకున్నాను. కుట్టి సంపాదించిన దానిలో దశమభాగం ఇచ్చాను గానీ, కుట్టడమనే దాన్నే దేవుని ముందు పెట్టవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు. కట్టు కట్టిన చేతితో ఖాళీగా కూర్చున్న రోజుల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయంలో, ఒక యజమాని ప్రయాణమై వెళ్తూ తన దాసులకు తలాంతులు అప్పగించిన కథ మళ్లీ చదివాను. తలాంతు అంటే ఆ కాలంలో సుమారు 6,000 దినాల కూలి. అంటే ఒక్క తలాంతే దొరికిందని భూమిలో పాతిపెట్టిన ఆ దాసుని చేతిలో, ఒక్క రోజు కూడా సెలవు లేకుండా పదహారేళ్లు పనిచేస్తే వచ్చే సొమ్ము ఉంది. అతని దగ్గర ఉన్నది తక్కువేమీ కాదు. యజమాని మీద నమ్మకమే లేదు. అపొస్తలుల కార్యముల 9వ అధ్యాయంలో యొప్పే ఊరి దొర్కా చనిపోయినప్పుడు, విధవరాండ్రు పేతురుకు ఆమె కుట్టిన అంగీలను చూపించి ఏడ్చారే గాని, ఆమె చెప్పిన ఒక్క మాటనైనా లేఖనం రాయలేదు. ఇరవై రెండేళ్లు మిషను తొక్కిన నేను ఆ భాగాన్ని ఎన్నిసార్లు విని ఉంటానో, అది నా పనికి సంబంధించినదని ఒక్కసారీ తోచలేదు.

మరొకటి కూడా అప్పుడే తెలిసింది. వేల రూపాయల పట్టుగుడ్డను నా చేతిలో పెట్టి, ఎప్పుడు రమ్మంటావని మాత్రమే అడిగి వెళ్లిపోయేవారు మీరు. నేను కత్తిరిస్తుంటే పక్కన నిలబడి చూసినవారు లేరు. మీరు నన్ను నమ్మినంతగా నేను దేవుణ్ణి నమ్మలేదు. నా పనిని ఆయన చేతికిచ్చానని ప్రార్థనలో అంటూనే, గుడ్డ కొస ఒకటి నా వేళ్ల మధ్యనే పట్టుకుని ఉన్నాను. ఆ కొస వదలడానికి ఎముక విరగవలసి వచ్చిందని నేననను, బండ తడిగా ఉంది కనుక జారాను, అంతే. అయితే వదిలిన తరువాత ఆ పని చెడిపోలేదని మాత్రం 47 బట్టల సాక్షిగా చెప్పగలను.

సంగటి తెచ్చిన అక్కకు, మిషను తొక్కిన ముగ్గురికీ, పాపకు, తమ్ముడికి, మాస్టరు గారికి, నా ఇంటి నీళ్లు మోసిన పక్కింటి వదినకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు. కట్టు విప్పారు. చేయి ఇంకా బిగుసుకునే ఉంది గనుక ప్రస్తుతం పీకో, ఫాల్ పనులు మాత్రమే తీసుకుంటున్నాను. రంజాన్ నెలంతా సాయంత్రాలు నా కొట్టు మూసి ఉంటుంది; అవసరమున్నవారు బజారు వీధిలో మాస్టరు గారి కొట్టుకు రండి, అక్కడ కాజాలు కుడుతూ ఉంటాను.