ఆంబాయ్ క్రేటర్ టూరుపై రెండో ఫిర్యాదు

విషయం: సెప్టెంబరు టూరు డబ్బు వాపసు గురించి, నా మొదటి ఫిర్యాదుకు మీరిచ్చిన జవాబు గురించి

మేనేజర్ గారికి,

నమస్కారం. కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న ఆంబాయ్ అగ్నిపర్వతానికి మీరు నడిపిన టూరుపై నా మొదటి ఫిర్యాదుకు మీ ఆఫీసు పంపిన జవాబు అందింది. ఎడారి అన్నాక ఎండ తప్పదనీ, పెద్దవాళ్లను వెంట తెచ్చుకోవడం మా ఇష్టమనీ రెండు ముక్కల్లో తేల్చేశారు. మాది అనంతపురం. ఎండ గురించి మాకొకరు చెప్పాల్సిన పని లేదు. మమ్మల్ని ఏ టైముకు ఆ ఎండలోకి దింపారన్నదే నా ప్రశ్న, దానికి మీ జవాబులో ఒక్క మాట లేదు.

మీరు వాట్సాప్‌లో పంపిన ప్రకటనలో ఉన్నది "సూర్యోదయాన అగ్నిపర్వతం మీద". తెల్లవారుజామున రెండున్నరకు లాస్ ఏంజిలిస్‌లో బయల్దేరాలి. ముందురోజు రాత్రి అది ఏడు గంటలకు మారిందని మెసేజ్ పెట్టారు. ఫోన్ చేసి అడిగితే "పర్లేదండీ, చూసేది అదే కదా" అన్నారు. దారిలో బార్‌స్టో ఔట్‌లెట్ షాపుల దగ్గర బస్సు ఆపి, అవి తెరిచేదాకా కూర్చోబెట్టారు. ఆ షాపింగ్ ప్రకటనలో ఎక్కడా లేదు. ఆంబాయ్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. బస్సులో మీటరు 104 డిగ్రీలు చూపించింది, అంటే మన లెక్కలో 40. ఆ చోటును చూసుకునే ప్రభుత్వ శాఖ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వాళ్లే అక్టోబరు నుంచి మార్చి మధ్యలో రమ్మనీ, బాగా ఎండగా ఉన్న రోజుల్లో నడవొద్దనీ చెబుతుంటారు. మీకది తెలియకుండా ఉండదు.

అక్కడ తాగడానికి నీళ్లు దొరకవు. మీరిచ్చింది తలా ఒక అర లీటరు సీసా. రెండోది అడిగితే ఐస్ బాక్సులోంచి తీసి మూడు డాలర్లన్నారు! పార్కింగ్ దగ్గర ఉన్న కాస్త నీడ పందిళ్లు తప్ప, కొండ దాకా పోయే దారంతా నల్ల లావా బండలే. పోనూ రానూ దాదాపు మూడు మైళ్లు.

ఇక మీ గైడు. ఆంబాయ్ ఒక సిండర్ కోన్, అంటే గట్టి రాతి కొండ కాదు. లోపలి గ్యాసుకు లావా పైకి చిమ్మి, గాల్లోనే చల్లారి, ముక్కలుగా పడి పోగైన కుప్ప అది. చిల్లులు చిల్లులుగా, తేలిగ్గా ఉండే ఆ ముక్కలు కాలు వేయగానే జారతాయి. అందుకే దారి కొండను చుట్టి పడమటి వైపు వెళ్తుంది. అక్కడ క్రేటర్ (కొండ నెత్తిన ఉన్న పెద్ద గుంత) గోడ తెగి ఉంటుంది, లోపలికి సులువుగా నడిచి పోవచ్చు. మీ గైడుకు ఈ సంగతి తెలియదు. "షార్ట్‌కట్" అంటూ నిట్టనిలువు వాలు ఎక్కించాడు. ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి. మా అమ్మ జారి, రెండు అరచేతులూ మోకాలూ గీసుకుపోయాయి. గాయాల్లో ఇరుక్కున్న నల్ల నలుసులను నా భార్య పిన్నీసుతో తీసింది, ఎందుకంటే మీ బస్సులో ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఖాళీ. మేం అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాం.

వయసే కారణమని మీరంటున్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. నవంబరులో మా కారులో అమ్మానాన్నలను మళ్లీ తీసుకెళ్లాను. తెల్లవారకముందే చేరుకుని, పడమటి దారిలో మెల్లగా నడిచాం. నాన్న 250 అడుగుల ఆ కొండ అంచు మీద నిలబడి చుట్టూ చూశారు. కనుచూపు మేరంతా నల్లటి లావా, దాని మధ్య గాలి మేట వేసిన ఇసుక చారలు, దూరాన తెల్లగా బ్రిస్టల్ ఉప్పు సరస్సు. క్రేటర్ లోపల రెండు చదును మడులుంటాయి, ఒకప్పటి లావా చెరువులట. ఇప్పుడు వాటి మీద లేత రంగు మన్ను పరుచుకుంది. అమ్మ ఆ మన్ను మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచింది. 1973లో దీన్ని జాతీయ సహజ చిహ్నంగా ఎందుకు గుర్తించారో అప్పుడర్థమైంది. (మీ ప్రకటనలో ఎర్రగా పారుతున్న లావా ఫోటో ఈ కొండది కానే కాదు. ఇది చల్లారి వేల ఏళ్లయింది.)

తలా 129 డాలర్ల చొప్పున నలుగురికి కట్టిన 516 డాలర్లూ పూర్తిగా వాపసు ఇవ్వండి. మీరు ఇస్తానన్న "తర్వాతి టూరులో పది శాతం తగ్గింపు" మాకొద్దు. సూర్యోదయం అని రాస్తే సూర్యోదయానికే తీసుకెళ్లండి. లేదంటే ఆ మాట, ఆ ఫోటో తీసేయండి. మనవాళ్లు ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను మిమ్మల్ని నమ్మే పంపుతున్నారు, వేసవిలో ఈ టూరు పెట్టకండి.

రసీదు, మీ ప్రకటన, టైము మార్చిన మెసేజ్, అమ్మ చేతుల ఫోటోలు జత చేశాను. ఈ నెలాఖరులోగా డబ్బు రాకపోతే చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో కేసు వేస్తాను. ఫారాలు నింపి ఉంచాను.

ఇట్లు,
మీ సెప్టెంబరు టూరు కస్టమర్