పౌర్ణమి పోటు మీ ఆఫీసుకు ముందే తెలియదా? ఫుకెట్ గుహల యాత్రపై ఫిర్యాదు

కాకినాడ,
27 జనవరి 2025.

మేనేజర్ గారికి,
విదేశీ యాత్రల విభాగం,
విశాఖపట్నం.

విషయం: జనవరి 13న ఫుకెట్‌లో మీరు ఏర్పాటు చేసిన సగం రోజు స్పీడ్‌బోటు యాత్రలో సముద్ర గుహలు చూపించకపోవడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

సంక్రాంతి సెలవులకు నేను, నా భార్య, పదేళ్ల మా అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ మీ సంస్థ ద్వారా థాయ్‌లాండ్ వెళ్లి వచ్చాం. విమానాలు, హోటలు, భోజనాల గురించి నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. ఈ ఉత్తరం ఒక్క పూట గురించి. ఆ పూటకు పెద్దవాళ్లం ముగ్గురికి తలకు 5,200 రూపాయల చొప్పున, మా అమ్మాయికి 3,900, మొత్తం 19,500 రూపాయలు మీకు విడిగా కట్టాను. ఫాంగ్ న్గా అఖాతంలోని గుహల్లోకి చిన్న పడవల్లో తీసుకువెళ్లడం, తర్వాత ఒక ద్వీపం బీచ్‌లో గంటన్నర విడిది అని మీ కాగితంలో రాసి ఉంది. బీచ్ చూశాం. గుహలోకి మాత్రం ఒక్కరం కూడా వెళ్లలేదు.

దీని మీద మీ ఆఫీసుకు అప్పుడే వాట్సాప్‌లో రాశాను. రెండు రోజుల తర్వాత ఒక వాక్యం జవాబుగా వచ్చింది: వాతావరణ కారణాల వల్ల కార్యక్రమంలో జరిగే మార్పులకు సంస్థ బాధ్యత వహించదు. ఆ వాక్యమే లేకపోతే ఈ ఉత్తరం రాసే ఓపిక నాకు ఉండేది కాదేమో. ఆ రోజు వాతావరణం ఎలా ఉందో మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. అక్కడ జనవరి అంటే సముద్రం శాంతంగా ఉండే నెల. మీరు మాకు ఆ నెల అమ్మిందే ఆ మాట చెప్పి.

మమ్మల్ని ఆపింది వాన కాదు, గాలి కాదు, పోటు, అంటే సముద్రపు నీరు ఎక్కడం. పోటు వాతావరణం కిందికి రాదు. రేపు వాన పడుతుందో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేరు గాని, వచ్చే ఏడాది ఫలానా తేదీన ఫలానా గంటకు సముద్రం ఎంత ఎత్తున ఉంటుందో ఇప్పుడే చెప్పవచ్చు. థాయ్ నౌకాదళం వారి జలమాపన విభాగం ఏటా ఆ పట్టికలు వేస్తుంది. అంత దూరం కూడా వెళ్లనక్కర్లేదు. మీ ఆఫీసు గోడకు తెలుగు క్యాలెండరు ఉండే ఉంటుంది. జనవరి 13 గడిలో భోగి అని, దాని పక్కనే పౌర్ణమి అని రాసి ఉంటుంది.

ఆ రోజు జరిగింది చెబుతాను. ఉదయం ఏడున్నరకు వ్యాను వచ్చింది. ఫుకెట్ ఈశాన్యాన ఉన్న ఆవ్ పో జెట్టీకి చేరి, తొమ్మిదింపావుకు పడవ ఎక్కాం. ఎక్కేముందు మా అమ్మ జెట్టీ మెట్ల దగ్గర నిలబడి నీళ్ల వంక చూసింది. ఆమెది ఉప్పాడ పక్క ఊరు. పున్నమికి, అమావాస్యకు సముద్రం ఎంత ముందుకు వస్తుందో చూస్తూ పెరిగిన మనిషి. "ఈ రోజు పున్నమి కదా నాయనా, నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి. గుహల్లోకి ఎలా వెళతారు?" అని అడిగింది. వాళ్లకు తెలియదా అమ్మా, రోజూ చేసే పని, అని నేను సర్దిచెప్పాను. ఇప్పుడు ఆమె ఆ మాట ఇంటికి వచ్చిన బంధువులందరికీ వరసగా చెబుతోంది.

పది గంటల వేళకు పనాక్ అనే ద్వీపం దగ్గర పడవ ఆగింది. నిటారుగా లేచిన సున్నపురాయి కొండ. దాని అడుగున గుహ నోరు ఉండవలసిన చోట నీటికి పైన జానెడు ఎత్తున నల్లటి సందు, అంతే. గాలి నింపిన రబ్బరు పడవల్లో తెడ్లు వేసేవాళ్లు ఏడెనిమిది మంది ఖాళీగా కూర్చుని ఉన్నారు. వారిలో ఒకతను మమ్మల్ని రాతి దగ్గరికి తీసుకువెళ్లి, తెడ్డును అడ్డంగా ఆ సందులో పెట్టి చూపించాడు. తెడ్డు పట్టింది, మనిషి తల పట్టదు. ఆ రాతికి ఆలిచిప్పలు బ్లేడుల్లా అతుక్కుని ఉన్నాయి. నీళ్లు ఆ చిప్పల వరసను దాటి పైకి వచ్చేశాయి. అంటే పోటు నిండుగా ఉందని అర్థం. చిన్న అల వచ్చినప్పుడల్లా ఆ సందు మూసుకుని, లోపలి గాలి బుస్సుమని బయటికి కొట్టేది. మా అమ్మాయి కాసేపు ఆ శబ్దానికి నవ్వింది. తర్వాత, "గుహ ఏది నాన్నా?" అంది.

అక్కడ ఆగాక మా గైడ్ నన్ను పడవ నడిపే చోటికి పిలిచాడు. చక్రం పక్కన ప్లాస్టిక్ కవరులో పెట్టి అంటించిన ఒక కాగితం ఉంది. అంకెల పట్టిక. ఉప్పునీటి చెమ్మకు ఒక మూల ఉబ్బిపోయింది. అతను 13వ తేదీ వరస మీద వేలు పెట్టి, ఉదయం పది దగ్గర ఉన్న పెద్ద అంకెను, సాయంత్రం నాలుగు దగ్గర ఉన్న చిన్న అంకెను చూపించాడు. మధ్యాహ్నం ఒంటి గంట పడవకు వచ్చి ఉంటే నీరు తీస్తూ ఉండేది, పడవలో వెల్లకిలా పడుకుని లోపలికి వెళ్లిపోయేవారు అన్నాడు. ఉదయం వద్దని మీ తరఫున బుక్ చేసిన ఆఫీసుకు తాను ముందే చెప్పానన్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవలసింది మీరు. పట్టిక ఫోటో మాత్రం నా ఫోనులో ఉంది, దీనితో జతచేస్తున్నాను.

ఇంటికి వచ్చాక నేను తెలుసుకున్నది కూడా రాస్తాను, మీ సిబ్బందికి పనికివస్తుంది. ఫుకెట్ తీరంలో పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పెద్ద పోటు ఉదయం పది ప్రాంతంలో ఒకసారి, రాత్రి పది ప్రాంతంలో ఒకసారి వస్తుంది. పోటుకూ, నీరు తీసే ఆటుకూ మధ్య నీటి ఎత్తు తేడా రెండు మీటర్లు దాటుతుంది. ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, వారం తిరిగేసరికి అదే ఉదయం పదింటికి నీరు తీసి ఉంటుంది. అంటే ఉదయం యాత్ర ఎప్పుడూ తప్పని నేను అనడం లేదు. అష్టమి నాడు మీరు ఇదే టికెట్టు అమ్మి ఉంటే మేము మీకు కృతజ్ఞతలు చెప్పుకునేవాళ్లం.

పైగా ఆ కొండల్లో చూడవలసిందంతా లోపలే ఉంది. థాయ్ భాషలో హాంగ్ అంటే గది. వాన నీరు సున్నపురాయిని వేల ఏళ్లుగా కరిగిస్తూ ఉంటే, గుహ కప్పు కూలి, కొండ నడుమ ఆకాశం కనిపించే గది ఏర్పడుతుంది. చుట్టూ రాతి గోడలు, అడుగున సముద్రపు నీరు, అందులో మడచెట్లు. బయట నుంచి చూస్తే అది మామూలు కొండ. చీకటి గుహలో నుంచి వెళ్లడం తప్ప ఆ గదిలోకి పడవకు వేరే దారి లేదు. మీ బ్రోచర్ మొదటి పేజీలో వేసిన ఫోటో అలాంటి గదిదే. అది మళ్లీ తీసి చూడండి. మడచెట్ల వేళ్లు బురదలో నుంచి బయటికి కనిపిస్తున్నాయి. గోడల కింది భాగంలో మనిషెత్తున తడి మరక నల్లటి పట్టీలా ఉంది. నీరు తీశాక తీసిన ఫోటో అది. ఆటు వేళ తీసిన బొమ్మ చూపించి పోటు వేళకు టికెట్టు ఇచ్చారు.

ఇక నాకు బాగా కష్టం కలిగించిన సంగతి. బుకింగ్ సమయంలో ఉదయమా మధ్యాహ్నమా అని మీ ఉద్యోగి అడిగితే, మాకు ఏదైనా ఫరవాలేదు, ఏది మంచిదో మీరే చూడండి అన్నాను. రెండింటికీ ధర ఒకటే. మరి ఉదయం ఎందుకు వేశారో ఆ రోజు రెండు గంటలకు అర్థమైంది. హోటలుకు తీసుకువెళతారనుకున్న వ్యాను మమ్మల్ని ఒక రత్నాల షోరూములో దించింది. అక్కడ గంట. తర్వాత జీడిపప్పు దుకాణం. అక్కడ ముప్పావు గంట, కారం పప్పు, తేనె పప్పు, వెల్లుల్లి పప్పు అంటూ చేతిలో పోస్తూనే ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పు ఇంట్లో డబ్బా నిండా ఉన్నవాళ్లం, ఇంటి దగ్గర భోగిమంట మానుకుని అంత దూరం వెళ్లింది అందుకా? మేము పప్పు రుచి చూస్తూ నిలబడిన ఆ వేళకే అఖాతంలో నీరు తీస్తోంది, గుహలు తెరుచుకుంటున్నాయి. దుకాణాల ప్రస్తావన మీ కాగితంలో ఎక్కడా లేదు. వాటి నుంచి మీకు ఏమైనా ముడుతుందా అని నేను అడగను. మా మధ్యాహ్నం వాటికి వెళ్లిందన్నది మాత్రం కళ్లారా చూశాను.

బీచ్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. బాగుంది. పోటు వల్ల ఇసుక సన్నటి చారగా మిగిలింది గాని నీళ్లు తేటగా ఉన్నాయి, మా అమ్మాయి బయటికి రానంది. పడవ సిబ్బంది మర్యాదస్థులు. లైఫ్ జాకెట్లు పిల్లల కొలతతో సహా సరిగ్గా ఇచ్చారు. ముందు వరసలో కూర్చున్న మా అమ్మను గైడే లేపి వెనక ఇంజను వైపు కూర్చోబెట్టాడు, ముందు భాగంలో కుదుపు ఎక్కువ, నడుము పట్టేస్తుందని. నిజానికి ఈ జాగ్రత్త మీరు చెప్పవలసింది. ఆమెకు నడుము నొప్పి ఉందని ఫోనులో నేను చెప్పినప్పుడు, "అమ్మగారికి ఏ ఇబ్బందీ ఉండదండీ, కారులో వెళ్లినట్టే" అన్నారు మీవాళ్లు. స్పీడ్‌బోటు ఎక్కిన మనిషి ఎవరూ ఆ మాట అనరు.

జాతీయ పార్కు రుసుము ప్యాకేజీలో కలిసే ఉందని మీ రసీదులో ఉంది. జెట్టీలో మాత్రం పెద్దలకు 300 బాట్లు, పిల్లకు 150 చొప్పున మొత్తం 1,050 బాట్లు మా దగ్గర వసూలు చేశారు. అక్కడ వాదిస్తే పడవ వెళ్లిపోతుంది కాబట్టి కట్టాను. ఇది దాదాపు 2,625 రూపాయలు.

నేను బ్యాంకు ఉద్యోగిని. లెక్క తేల్చకుండా ఉత్తరం ముగించడం నాకు చేతకాదు. రుసుము కింద రెండోసారి తీసుకున్న 2,625 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వాలి. దీనిలో వాదనకు తావు లేదు. యాత్ర డబ్బులో సగం, అంటే 9,750 రూపాయలు, జరగని గుహల భాగానికి వాపసు ఇవ్వాలి. మొత్తం 12,375. పడవ ప్రయాణం, బీచ్, భోజనం మేము అనుభవించాం కాబట్టి మిగతా సగం అడగడం లేదు. మా అమ్మ అయితే మొత్తం అడగమంది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో డబ్బు నా ఖాతాలో జమ చేయండి. లేకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో నమోదు చేసి, ఆ తర్వాత కాకినాడలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. తెలిసి తెలిసి జరగని యాత్ర అమ్మితే సేవాలోపం. ఆటు వేళ ఫోటో వేసి పోటు వేళకు అమ్మితే దాన్ని తప్పుదారి పట్టించే ప్రకటన అంటారా లేదా అన్నది కమిషన్ వారే చెబుతారు.

డబ్బుతో పాటు ఇంకొకటి అడుగుతున్నాను. మీ బుకింగ్ కాగితంలో హోటలు పేరు, వ్యాను వచ్చే సమయం రాస్తున్నారు కదా, వాటి పక్కనే ఆ రోజు పోటు సమయం ఒక వరస రాయండి. పౌర్ణమికి, అమావాస్యకు గుహల యాత్ర మధ్యాహ్నం పడవలో వేయండి, జీడిపప్పు ఉదయం తినిపించండి. మార్చి నెల యాత్రకు మీ దగ్గర మా బ్యాంకు నుంచే ఇంకో రెండు కుటుంబాలు డబ్బు కట్టాయి. వాళ్ల తేదీ నేను క్యాలెండరులో చూశాను, వాళ్లకూ చెప్పాను. మీకు వాళ్ల ఫోను వచ్చే ఉంటుంది.

ఒక మాట మిగిలింది. ఈ ఫిర్యాదును మీరు ఫుకెట్‌లోని పడవ వాళ్లకు పంపి, తప్పు గైడ్ మీదికి నెట్టవద్దు. ఆ రోజు మాతో నిజం చెప్పినవాడు అతనొక్కడే. అతని ఉద్యోగానికి ఏ ఇబ్బంది వచ్చినా, అతని తరఫున సాక్ష్యంగా ఇంకో ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
జనవరి 13 ఉదయం పడవలో నలుగురికి టికెట్లు కొన్న వినియోగదారుడు.

జతపరచినవి: మీ రసీదు నకలు, జెట్టీలో ఇచ్చిన పార్కు టికెట్లు నాలుగు, పోటు పట్టిక ఫోటో, మీ బ్రోచర్ మొదటి పేజీ.