ఒక రాత్రి బడి మైదానంలో

తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి రెండో శనివారం రాత్రి మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు బడి మైదానంలో ఆరుబయట పడుకుంటారు. ఊరూ ఇల్లూ వదిలి పోవాల్సి వచ్చినవాళ్ళ గురించి తెలుసుకోవడానికి ఈ ఏర్పాటు. పదో తరగతి వాళ్ళూ వస్తామన్నారు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని ఇదేం సరదా అని వద్దన్నాను.

"తిరుపతిలో ఆరుబయట నిద్ర కొత్తా మేడమ్?" అని ఒక తండ్రి అడిగారు. నిజమే, రైల్వే స్టేషన్ ముందూ విష్ణు నివాసం వసతి గృహం చుట్టుపక్కలా యాత్రికులు దుప్పట్లు పరుచుకుని పడుకోవడం మన పిల్లలు రోజూ చూసేదే. ఎండాకాలం వస్తే మనమూ మిద్దె ఎక్కుతాం. అయితే యాత్రికుడు దర్శనం కాగానే ఊరి బస్సు ఎక్కుతాడు. మనకు నాలుగు చినుకులు పడితే దిగిపోవడానికి కింద ఇల్లుంది.

యుద్ధాలూ హింసా తరిమేస్తే ఇళ్ళు వదిలినవాళ్ళు 2024 చివరికి ప్రపంచంలో 12 కోట్ల 32 లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. వాళ్ళలో సగానికి పైగా సొంత దేశంలోనే చెల్లాచెదురయ్యారు. వరదలకూ ప్రాజెక్టులకూ ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఈ లెక్కలోకి రారు. అంటే 1981లో శ్రీశైలం ముంపులో ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు రారు, పోలవరం నిర్వాసితులూ రారు. అంత దూరం ఎందుకు? 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది మీదపడితే పులపత్తూరు, మందపల్లి జనం కట్టుబట్టలతో మిగిలారు. అదే నెలలో మన తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ కట్ట నిలిచింది, జనం ఇళ్ళకు తిరిగొచ్చారు. పిల్లలు మాట్లాడుకోవాల్సింది చెయ్యేరు ఊళ్ళవాళ్ళకూ రాయలచెరువు ఊళ్ళవాళ్ళకూ మధ్య తేడా గురించే.

రాత్రి ఎనిమిదికి అన్నం, సాంబారు, వరుసలో నిలబడి, ఒక్కొక్క గరిటె. దయచేసి పులిహోర డబ్బాలతో గేటు దగ్గరికి రాకండి. సంచి కూడా మీరు సర్దకండి. బయల్దేరే ముందు అయిదు నిమిషాలిచ్చి, ఏం తీసుకోవాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. దుప్పటి మరిచిపోతే బడిలో ఉన్నాయి, భయం లేదు.

తొమ్మిదింటికి మా గుమస్తా బల్ల వేసుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరినీ పిలిచి ఆధార్, రేషన్ కార్డు, టీసీ అడుగుతారు. లేవంటే రేపు రమ్మంటారు. బడి నడిపేదానిగా నాకు బాగా తెలిసిన కష్టం ఇదే. ఊరు పోయిన పిల్లవాడికి పుస్తకాలు ఎవరో ఒకరు ఇస్తారు, కాగితాల దగ్గరే ఆగిపోతాడు. ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందనో, వయసు రుజువు లేదనో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ సంగతి పిల్లలకూ, నిజం చెప్పాలంటే కొందరు గుమస్తాలకూ తెలియాలి.

చందాలు వసూలు చేయం. ఫోటోల కోసం పిల్లల్ని దిగులుగా కూర్చోబెట్టం. అమ్మాయిలకు విడిగా చోటు, రాత్రంతా టీచరమ్మలు, నర్సు, వాచ్‌మన్ ఉంటారు. ఒంట్లో బాగోలేకపోతే తరగతి గది తెరిచే ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ళ మందులు ముందే మాకివ్వండి. దోమల మందు తప్పకుండా పంపండి, మన మైదానం సంగతి మీకు తెలుసు.

ఆదివారం ఉదయం ఆరింటికల్లా వచ్చి తీసుకెళ్ళండి. సంతకం చేసిన సమ్మతి పత్రం ఆ శనివారానికి ముందు వచ్చే బుధవారానికి క్లాస్ టీచర్‌కు అందాలి. ఇష్టం లేనివాళ్ళు పంపనక్కర్లేదు, కారణం అడగను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు