ఓడింది చలికి కాదు శ్రీనూ

కొలంబస్, ఒహాయో
జనవరి 7, 2025

ఒరేయ్ శ్రీనూ,

మీ కాలేజీ ఎస్‌ఎమ్‌యూ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో పెన్ స్టేట్ చేతిలో ఓడిందని మొన్న అరగంట సేపు అరిచావు గదా, దానికి జవాబు ఫోన్లో చెబితే మళ్ళీ మధ్యలో అడ్డం పడతావని ఉత్తరం రాస్తున్నా. ఇదైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. ఆదివారం రాత్రి నుంచి ఇక్కడ మంచు. ఆఫీసు వాళ్ళు ఇంట్లోంచే పని చేసుకోమన్నారు. నాకు తీరిక, నీకు శిక్ష.

"మా ఎస్‌ఎమ్‌యూ ఓడింది పెన్ స్టేట్‌కి కాదురా, పెన్సిల్వేనియా చలికి" అన్నావు. డాలస్ కుర్రాళ్ళని తీసుకెళ్ళి డిసెంబరు 21న, మైనస్ నాలుగు డిగ్రీల్లో, లక్షమంది కేకల మధ్య నిలబెడితే ఇంకేం ఆడతారని నీ వాదన. 38-10. సగం ఆట అయ్యేసరికే 28-0. బంతి విసిరి ఆట నడిపించాల్సిన మీ క్వార్టర్‌బ్యాక్ కెవిన్ జెన్నింగ్స్ మూడుసార్లు బంతిని అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు, అందులో రెండింటిని వాళ్ళు నేరుగా మీ గోలు గీత దాటించి టచ్‌డౌన్లు చేసేశారు. నీ కడుపుమంట నాకు తెలుసు. అక్కడ చదువుకున్నవాడివి, ఫ్రిస్కోలో ఇల్లు కొన్నా మనసు ఇంకా ఆ క్యాంపస్‌లోనే ఉంది.

కానీ ఆడలేక మద్దెల ఓడు అంటే ఎలాగరా? అక్టోబరు 26న డ్యూక్ మీద ఏమైందో గుర్తుందా? నార్త్ కరొలైనాలో ఆ రోజుల్లో స్వెట్టరు కూడా అక్కర్లేదు. మీవాళ్ళు బంతిని ఆరుసార్లు అవతలివాళ్ళకి అప్పగించారు. అయినా ఓవర్‌టైమ్‌లో 28-27తో బయటపడ్డారు. ఆ రోజు నువ్వు స్వీట్లు పంచావు గానీ వాతావరణం మాట ఎత్తలేదు. పైగా దానికి ముందు వారమే కాలిఫోర్నియా వెళ్ళి స్టాన్‌ఫర్డ్‌ని 40-10తో కొట్టి వచ్చారు. వారం తేడాతో పసిఫిక్ ఒడ్డు నుంచి అట్లాంటిక్ వైపుకి. నన్నడిగితే ఆ ఆరు తప్పుల్లో రెండైనా ప్రయాణం ఖాతాలో రాయాలి.

నేను చెప్పేది ఇంతే. చలి మైదానంలో ఇద్దరికీ సమానంగా వడ్డిస్తారు. ప్రయాణం మాత్రం ఒక్కడి విస్తట్లోనే వేస్తారు.

చలి ఏమీ చెయ్యదని అనట్లేదు. మొన్న నేనే ఒక పరీక్ష పెట్టాను, నవ్వకు. ఇంట్లో ఉన్న ఫుట్‌బాల్‌కి సాయంత్రం సరిగ్గా 13 పౌండ్ల గాలి కొట్టి, రాత్రంతా కారు డిక్కీలో వదిలేశాను. పొద్దున అక్కడే నిలబడి గేజ్ పెట్టి చూస్తే పదిన్నర! ఎక్కడా కన్నం లేదు. చలికి లోపల గాలి ముడుచుకుందంతే. కాలేజీ ఆటలో బంతి పన్నెండున్నరకీ పదమూడున్నరకీ మధ్య ఉండాలి. గాలి తగ్గింది గదా, మెత్తబడి ఉంటుందనుకున్నానా, పై తోలు చెక్కలా బిగుసుకుపోయింది. చేతికి పట్టు దొరకదు. పక్కింటి కుర్రాడు విసిరితే అరచేతులు మండిపోయాయి. కాలితో తంతే ఎప్పుడూ పడే చోటికి నాలుగైదు అడుగులు ఇవతలే పడింది. చల్లగాలి బరువు, బంతి అడ్డంగా చచ్చిపోయి ఉంటుంది, ఇంక ఎగరమంటే ఎలా ఎగురుతుంది? అందుకే ఈ నెలల్లో కోచ్‌లు దూరం నుంచి బంతిని గోలు స్తంభాల మధ్యకి తన్నే ఫీల్డ్ గోల్ కొట్టడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

(అలాగని నీకు ఇంకో సాకు ఇవ్వను. డిసెంబరు 7 రాత్రి షార్లెట్‌లో, ఆరుబయట, క్లెమ్సన్ కుర్రాడు చివరి క్షణంలో 56 గజాల నుంచి తన్ని మీ లీగు ఏసీసీ కప్పు ఎత్తుకుపోయాడు. మొదటి ఏడాది పిల్లాడు వాడు!)

మీ ఆట అయిన రాత్రే ఇక్కడ మా ఒహాయో స్టేట్ ఆట. టెన్నెసీ వచ్చింది. ప్లేఆఫ్‌ని పన్నెండు జట్లకి పెంచిన మొదటి ఏడాది ఇదే గదా, మొదటి రౌండు ఆటలు క్యాంపస్‌ల్లో పెట్టారు. ఒహాయో స్టేడియంలో డిసెంబరు నెలాఖరు రాత్రి ఎనిమిదింటికి ఆట అంటే, మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. ధనుర్మాసంలో పొద్దున్నే గుడికి పంపిస్తే చెవులకి మఫ్లరు చుట్టుకుని, ప్రసాదం తీసుకుని పరిగెత్తిన బాపతు గదా మనం. రెండు ప్యాంట్లు, మూడు సాక్సులు, జేబుల్లో చేతులు వేడి చేసే పొట్లాలు వేసుకుని వెళ్ళాను. అయినా కాళ్ళ దగ్గర మోసపోయాను. కింద ఉన్న కాంక్రీటు బూటు అడుగు నుంచి వేడి పీల్చేస్తుందని ఎవరు చెప్పారు? పావుగంటకి పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. పక్కన ఒక పెద్దాయన, అరవై డెబ్బై ఏళ్ళు ఉంటాయి, నన్ను చూసి ఏమీ మాట్లాడకుండా తన సంచీలోంచి పిజ్జా పెట్టె అట్టముక్క తీసి నా కాళ్ళ కింద పెట్టాడు. నిజం చెబుతున్నా, ఆ రాత్రి నన్ను కాపాడింది జాకెట్టు కాదు, ఆ అట్టముక్కే.

టెన్నెసీ కుర్రాళ్ళు కొందరు వార్మప్‌కి చొక్కాలు లేకుండా వచ్చారు! మాకు చలి లెక్కలేదని చూపించడానికి. స్టాండ్స్ నిండా వాళ్ళ నారింజ రంగే, ఇంతమంది టికెట్లు ఎలా సంపాదించారో. మొదటి క్వార్టర్ అయ్యేసరికి మేము 21-0. చివరికి 42-17. ఇప్పుడు నువ్వు అంటావు, "చూశావా, దక్షిణాది వాళ్ళు చలికి తట్టుకోలేరు" అని. ఆగు. ఆ రాత్రి రెండు టచ్‌డౌన్లు కొట్టిన మా జెరెమయా స్మిత్ ఏ ఊరివాడు? మయామీ గార్డెన్స్. ఫ్లోరిడా. వాడికిది ఇక్కడ మొదటి సీజన్. ఉత్తరాది జట్లలో సగం మెరుపులు ఎండ దేశం నుంచి తెచ్చుకున్నవే. వాళ్ళ రక్తమేమీ వేరు కాదు, రెండు నెలలు ఈ గాలిలో సాధన చేశారంతే. ఇంకో మాట. అదే మైదానంలో, మూడు వారాల ముందు, అదే చలిలో మేము మిషిగన్ చేతిలో 13-10తో ఓడాం. ఆ మూడు రోజులు నేను అన్నం సరిగ్గా తిన్లేదని నీకు తెలుసు. దాన్ని ఏ చలి మీద నెట్టను?

చలికి నేను పూర్తిగా తలవంచే ఆట ఒక్కటే ఉంది. 1950 నవంబరు 25, ఇదే స్టేడియం, ఇదే మిషిగన్. ఇక్కడ ముసలివాళ్ళు ఇప్పటికీ స్నో బౌల్ అంటారు. మంచు తుఫానులో, గీతలు కూడా కనపడకుండా ఆడారు. ఆట జరుగుతుందో లేదో తెలియకపోయినా యాభై వేల మంది వచ్చి కూర్చున్నారు! మిషిగన్ ఆట మొత్తంలో ఒక్క ఫస్ట్ డౌన్ కూడా (అంటే నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు) సంపాదించలేదు, ఒక్క పాసు కూడా అందలేదు, కలిపి 27 గజాలు నడిచింది. గెలిచింది! 9-3. ఎలాగంటావా? బంతి మన దగ్గర ఉండటమే ప్రమాదం అని రెండు జట్లకీ అర్థమైపోయింది. చేతిలోకి రాగానే తన్ని అవతలికి పంపించెయ్యడమే. అలా తన్నెయ్యడాన్నే పంట్ అంటారు, రెండు జట్లూ కలిపి 45 పంట్లు, అందులో 24 ఒక్క మిషిగన్‌వే. మావాళ్ళ పంట్లు రెండింటిని అడ్డుకుని ఒకదానికి రెండు పాయింట్లు, ఇంకోదానికి టచ్‌డౌన్. అంతే ఆట. ఆ తర్వాత మా కోచ్ రాజీనామా చేస్తే వూడీ హేస్ వచ్చాడు, తర్వాత పాతికేళ్ళకు పైగా ఈ ఊరిని ఏలాడు. ఇంతా చేసి, మిషిగన్ వాళ్ళ ఊరు ఇక్కడికి కారులో మూడు గంటలు. వాళ్ళకి ఆ చలి కొత్తా కాదు, ప్రయాణం లెక్కా కాదు.

ప్రయాణం సంగతికి వద్దాం. మా లీగు పేరుకు బిగ్ టెన్, ఉన్నది పద్దెనిమిది జట్లు. పోయిన ఆగస్టులో పడమటి తీరపు యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ (రెండూ లాస్ ఏంజెలస్‌వే), ఆరిగన్, సియాటిల్‌లోని వాషింగ్టన్‌లని కలుపుకున్నాక ఈ లీగు లాస్ ఏంజెలస్ నుంచి న్యూజెర్సీ దాకా సాగింది. మూడు గంటల తేడా. టీవీ వాళ్ళు పెద్ద ఆటని తూర్పు మధ్యాహ్నం పన్నెండింటికి పెడితే, లాస్ ఏంజెలస్ కుర్రాడి ఒంటికి అది పొద్దున తొమ్మిది. అంటే బస్సు ఎక్కడానికి నాలుగున్నర, అయిదింటికి లేవాలి. యూసీఎల్‌ఏని అక్టోబరులో పెన్ స్టేట్‌లో అలాగే ఆడించారు, 27-11తో ఓడిపోయి వెళ్ళారు.

పోయినేడు మనూరు వెళ్ళి వచ్చాక నా అవస్థ చూశావు గదా. వారం రోజులు రాత్రి రెండింటికి లేచి వంటింట్లో ఆవకాయ అన్నం, మధ్యాహ్నం మీటింగులో కునుకు. నాది పదిన్నర గంటల తేడా, వాళ్ళది మూడే, ఒప్పుకుంటా. కానీ నేను మీటింగులో తూగితే ఎవరూ వచ్చి నూటయాభై కిలోల బరువుతో గుద్దరు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 25 సీజన్ల సోమవారం రాత్రి ప్రొఫెషనల్ ఆటలు తవ్వి చూస్తే, తూర్పు జట్లూ పడమటి జట్లూ తలపడినప్పుడు పడమటివాళ్ళదే పైచేయిగా తేలింది. రాత్రి తొమ్మిదింటి ఆట వాళ్ళ ఒంటికి సాయంత్రం ఆరు, ఒళ్ళు బాగా మాట వినే వేళ. తూర్పు వాళ్ళకి పక్క ఎక్కే వేళ.

యూఎస్‌సీ ఈ ఏడాది ఏం చేసిందో చూడు. మిషిగన్‌లో 27-24, మినెసోటాలో 24-17, మేరీలాండ్‌లో 29-28, వాషింగ్టన్‌లో 26-21. నాలుగూ ఓటమే. ఒక్కటీ గడ్డ కట్టే చలిలో కాదు, అన్నీ సెప్టెంబరు నుంచి నవంబరు మొదటివారం లోపే. నాలుగింటిలోనూ చివరి క్వార్టర్‌లో ఏదో ఒక క్షణాన ముందున్నది వాళ్ళే! దాదాపు గెలిచి, చివర్లో కాళ్ళు లాగేసి ఓడినట్టు నాకనిపిస్తుంది. రుజువు చెయ్యమంటే చెయ్యలేను. వాషింగ్టన్‌కి వెళ్ళడానికి గడియారం కూడా మార్చుకోనక్కర్లేదు మరి.

సరే, నువ్వు అడగకముందే చెప్పేస్తా, నా లెక్కకి గండి కొట్టింది ఆరిగన్. వాళ్ళు మిషిగన్ వెళ్ళి 38-17తో గెలిచారు, నవంబరు మధ్యలో విస్కాన్సిన్ వెళ్ళి 16-13తో గెలిచారు, ప్లేఆఫ్‌కి ముందు ఒక్క ఆటా ఓడలేదు. ఆ యూసీఎల్‌ఏ కూడా న్యూజెర్సీలోని రట్గర్స్ వెళ్ళి 35-32తో గెలిచింది. జట్టు మంచిదైతే విమానం ఏం చేస్తుంది? మొన్న ఒకటో తారీకున ప్లేఆఫ్ తర్వాతి రౌండుకి, కాలిఫోర్నియాలో రోజ్ బౌల్‌కి మూడు గంటల తేడా దాటి వెళ్ళింది మా వాళ్ళు, పక్కనుంచి దిగింది ఆరిగన్. మేము 34-0 దాకా వెళ్ళాం! కాకపోతే ముందుగానే చేరుకుని సర్దుకున్నారు. పడమటికి వెళ్తే రోజు సాగుతుంది, ఇంకాసేపు మేలుకోవడం మనకి తేలిక. తూర్పుకి వెళ్ళి మూడు గంటలు ముందే నిద్రపో అంటే ఎవరు పోతారు?

హవాయీ వాళ్ళని చూస్తే జాలేస్తుంది. ప్రతి బయటి ఆటకీ సముద్రం దాటాలి. అక్కడికి వెళ్ళి ఆడే జట్లకి సీజన్‌లో ఇంకో ఆట ఎక్కువ ఆడుకోవచ్చని రూలే ఉంది. అయినా మా బిగ్ టెన్ ఫుట్‌బాల్ వాళ్ళది రాజభోగమే, ప్రత్యేక విమానాల్లో ఏడాదికి అయిదారుసార్లు వెళ్ళొస్తారు. అదే లీగులో వాలీబాల్ ఆడే ఆడపిల్లలు వారం మధ్యలో వెళ్ళి, ఆడి, మర్నాడు పరీక్ష రాసుకోవాలి. వాళ్ళ గురించి నీలాగా అరిచేవాడు ఒక్కడూ లేడు.

అసలు సంగతి. శుక్రవారం సెమీఫైనల్ మీ ఆర్లింగ్టన్‌లో, మాకూ టెక్సస్‌కీ. ఈసారి విమానం ఎక్కేది మా వాళ్ళు. పేరుకు తటస్థ మైదానం, ఊరంతా వాళ్ళదే. పైకప్పు మూసేస్తారు కాబట్టి చలి సాకు ఇద్దరికీ లేదు. నాకు టికెట్ దొరికింది. గురువారం సాయంత్రం డాలస్‌లో దిగుతున్నా. మా ఆవిడ మీ ఇంటికి గోంగూర పచ్చడి ఇస్తోంది, సీసా పగలకుండా తెచ్చే పూచీ నాది. అన్నట్టు వార్తలు చూస్తున్నావా, గురువారం మీ డాలస్‌లోనే మంచు పడుతుందట! ఇక్కడినుంచి నేను మోసుకొస్తున్నానని అనకు. ఎయిర్‌పోర్టుకి రా, కానీ మెల్లగా రా. వచ్చాక తాళాలు నాకిచ్చేసి పక్కసీట్లో కూర్చో, వెనక్కి నేను నడుపుతా.

నీ
రవి